సమాధి పలకల గోడకు సిమెంటు పూత

ఆ పాత శ్మశానంలోని సమాధులను ఎప్పుడో తొలగించారు. వాటి మీది పలకలను మాత్రం ప్రహరీగోడ లోపలివైపు ఇటుకల మధ్య పొదిగి ఉంచారు. దొరల కాలంనాటి ఆ గోడకు, దాని రెండు కమాను ద్వారాలకు జరిగే మరమ్మతును పర్యవేక్షించే ఇంజనీరును నేను. పని పూర్తయిందని సంతకం చేయడానికి ఆ ఉదయం నగరం శివారులోని సెంగ్‌కాంగ్‌లో ఉన్న మా ఇంటి నుంచి వెళ్లాను.

గోడ కొత్త ఫ్లాటులోని స్నానాలగదిలా నున్నగా మెరుస్తోంది. ద్వారం మీది చెక్కడాల సందుల్లో రంగు చీమిడిలా కారి గట్టిపడింది. గోడ మీద నీళ్లు చల్లాను. సున్నపు పూత అయితే పీల్చుకునేది. నీళ్లు బొట్లుబొట్లుగా జారిపోయాయి. అది సిమెంటు.

మేస్త్రీ పెద్దాయన. తాతల కాలంలో విశాఖ తీరం నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చి స్థిరపడిన కుటుంబం; మాట చివర ఇక్కడివాళ్లలాగే 'లా' తగిలిస్తాడు.

"అంకుల్, సున్నం కదా వేయమన్నాను?"

"సున్నం ఆరాలంటే వారాలు పడతాది తంబీ. వానలు సూత్తన్నావు గదా. ఇది గట్టి లా."

"మరి గోడ లోపలి తడి ఎటు పోతుంది?"

"దానికీ ఎమ్మార్టీ రైలు ఎయ్యాలా? ఫోటో అంపితే ఓకే అన్నది నువ్వే గదా."

నిజమే. చదరపు అడుగు నమూనా పూతను రైల్లో నిలబడి, అరచేతిలోని ఫోను తెరపై చూసి ఆమోదించాను. ఫోటోలో సున్నమూ సిమెంటూ ఒకే తెలుపు. అతుకులను మిల్లీమీటర్లలో కొలిచే నేను గోడను బొటనవేలితో తనిఖీ చేశాను. పూత మీద కలిగిన రోతకన్నా నా మీద కలిగిన రోత ఎక్కువ.

మొదట పూత వేసిన చోట, పూతలోంచి దారి దొరకని తడి ఒక మెత్తని ఇసుకరాతి పలకలోంచి బయటికి వస్తోంది. అది నెలల బిడ్డ సమాధిది. వేలు తాకగానే పేరులోని చివరి అక్షరం పొడిగా రాలింది. పూత ఉంచితే మిగతా అక్షరాలు పోతాయి. తీస్తే ఇటుకల ముఖాలు ఊడతాయి.

"తీసేయండి. ముందు ఈ పలక చుట్టూ. చేతి ఉలితోనే."

"ఇటుక ఊడితే తప్పు ఎవడిదంటారు?"

"నాదే."

"అది రాసి ఇయ్యి. అప్పుడు ఉలి పడతా."

పూర్తి చేసినట్టు సంతకం పెట్టవలసిన కాగితం మీదే, నమూనాను నేరుగా పరీక్షించకుండా ఆమోదించింది నేనేనని, ఇటుక ఊడితే తప్పు నాదేనని రాసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మొదటి దెబ్బకే సిమెంటుతోపాటు అరచేయంత ఇటుక పెచ్చు ఊడి పడింది. ఆయన నావైపు చూశాడు. కానివ్వమన్నాను.