అమ్మ ఆమేన్ దాకా ఆగని సాయంత్రం

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని మారేడ్‌పల్లిలోని మా ఇంటికి చేరి, ఇంకా చేతిలోని బైబిలు బల్ల మీద పెట్టకముందే, మా చెల్లెలి మనవరాలు ఫోనులో ఒక కాగితం పంపి, చదివి సంతకం పెట్టమంది. బేగంపేటలో ఇంజనీరుగా పనిచేస్తూ రోజూ మెట్రోలో వెళ్ళివచ్చే పిల్ల అది. ఎక్కడో పరాయి దేశంలో, నరమానవుడు కనబడని చలి ఎడారిలో, అంగారక గ్రహం మీద ఉన్నట్టే ఒక ఇల్లు కట్టారట, అందులో ఆరుగురిని పెట్టి ఎనిమిది నెలల పాటు తలుపు మూసేస్తారట, ఆ పరీక్షలో నెగ్గినవాళ్ళు రేపెప్పుడో నిజంగానే ఆ గ్రహానికి పోయి కాపురం పెట్టేవాళ్ళ వరుసలో నిలబడవచ్చునట. ఆ ఆరుగురిలో మా పిల్ల ఒకతి. లోపలున్నవాళ్ళు రోజూ తమ గొంతు రికార్డు చేసి ఇంటివాళ్ళలో ఒకరికి పంపాలని, ఆ గొంతును బాగా ఎరిగిన ఆ మనిషి విని, ఏమాత్రం తేడా తోచినా అక్కడి పెద్దలకు చెప్పాలని ఒక నియమం ఉంది. వినే మనిషి పేరు రాయాల్సిన చోట పిల్ల నా పేరు రాసింది. అది చూసినప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

సాయంత్రానికి పిల్లే వచ్చి పక్కన కూర్చుని నచ్చజెప్పబోయింది. "ఒక్క భూమినే నమ్ముకుంటే ఎట్లా పెద్దమ్మమ్మా, ఏదైనా అయితే ఇంకో చోటు ఉండాలి కదా. నువ్వు జస్ట్ వింటే చాలు," అంది. దాని మాటలో న్యాయం లేకపోలేదు. మనుషులు వలస పోకుండా ఎప్పుడున్నారు గనక? మా నాన్నకు సికింద్రాబాద్‌లో సైన్సు మాస్టారి ఉద్యోగం వచ్చి గుంటూరు నుంచి బయల్దేరినప్పుడు, అక్కడ అందరూ ఉర్దూ మాట్లాడతారట, ఆ నీళ్ళకు పప్పు ఉడకదట అంటూ మా నాయనమ్మ రైలు కదిలేదాకా శోకాలు పెట్టిందని అమ్మ నవ్వుతూ చెప్పేది. తీరా ఇక్కడ బోయిగూడలో అద్దె ఇంట్లో దిగేసరికి పక్క పోర్షన్‌లో ఉండే ఆవిడ, తరువాత మేమంతా అత్తమ్మ అని పిలిచిన మనిషి, ముందు బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఆ తరువాతే ఊరూ పేరూ అడిగిందట. కొత్త చోటికి పోవడమంటే నాకు తెలిసింది అదే, మనకంటే ముందే అక్కడ ఎవరో ఒకరు ఉండి ఇన్ని నీళ్ళివ్వడం. అంగారకుడి మీద నీళ్ళు తెచ్చే అత్తమ్మ ఎవరుంటారే అని అడిగితే పిల్ల నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే వేరే గ్రహంలో ఉన్నట్టు తలుపు మూసుకుని బతకడమంటే ఏమిటో నేను పదేళ్ళ వయసులోనే చూశాను.

మనుషులు చంద్రుడి మీద దిగిన ఏడాది అది. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రేడియో ఉన్న ప్రతి ఇంటి ముందూ ఎంత జనం మూగేవారో, చంద్రుడిలో కుందేలు సంగతి ఇక తేలిపోతుందని మనమెంత వాదులాడుకున్నామో. మా నాన్నకైతే ఆ వార్తతో పూనకమే వచ్చింది. ఇక మనిషి ఒక్కొక్క గ్రహానికీ పోయి ఇళ్ళు కట్టుకుంటాడని, మూసిన గదిలో మొక్కలిచ్చే గాలితో బతకడం ఇప్పటి నుంచే నేర్చుకోవాలని, స్కూలు ఎగ్జిబిషన్‌లో అలాంటి గది ఒకటి చేసి చూపిస్తే పిల్లలకు కళ్ళు తెరుచుకుంటాయని అన్నారు. ముందు ఇంట్లో చేసి చూడాలి కదా, అందుకు మా సామాన్ల గదిని ఖాళీ చేయించారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని అమ్మ సణిగింది గానీ, నాన్న మాటకు అడ్డు చెప్పే అలవాటు ఆమెకు లేదు.

ఒక శనివారం పొద్దున మైదాపిండి ఉడికించి జిగురు చేసి, గది వెంటిలేటరుకూ తలుపు సందులకూ పాత పేపర్లు అంటించాం. లోపల స్కూలు తోటలో నుంచి తెచ్చిన క్రోటన్ కుండీలు ఆరు, కిరస్తానీ ఇంట్లో తులసికి ఏం పనో అని ఆశ్చర్యపోతూనే అత్తమ్మ ఇచ్చిన తులసి కుండీ ఒకటి పెట్టాం. వెలుతురు ఉంటేనే మొక్కలు మంచి గాలినిస్తాయి గనక నాన్న రెండు లాంతర్లు వెలిగించారు. ఆ లాంతర్లే మనకు కొలబద్ద అని, దీపం చిన్నబోతే గాలి తగ్గినట్టని, వెంటనే బయటికి వచ్చేయాలని మాకు పాఠంలా చెప్పారు. నాన్న, అన్నయ్య, నేను, ఆరేళ్ళ మా చెల్లెలు, నలుగురం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా లోపల ఉండాలి. అమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది, లోపల గడియ వేయకూడదని. ఆ తరువాత తన చేత్తోనే బయట నుంచి తలుపుకు కాగితాలు అంటిస్తుంటే, పక్కన నిలబడిన అత్తమ్మ మాటలు మాకు లోపలికి వినబడ్డాయి. "గాలాడని అర్రల పిల్లలను పెట్టి గిట్ల కాయితాలు అంటిస్తరా అమ్మా? సారుకు నువ్వన్న జెర చెప్పొద్దా?"

మొదటి రెండు మూడు గంటలూ పండగలాగే గడిచాయి. పులిహోర తిన్నాం, బైబిలు కథలు చెప్పుకున్నాం, మూలన దుప్పటి తెర వెనుక ఉన్న బకెట్టు సంగతి మాత్రం ఇక్కడ వివరించను. నాన్న గంటగంటకూ మా నాడి పట్టుకుని చూసి నోటుబుక్కులో రాసుకునేవారు. మధ్యాహ్నం దాటాక నాకు తల దిమ్మెక్కడం మొదలైంది. కిరసనాయిలు వాసనకు అనుకున్నాను. చెబితే అంతా ఆపేయాల్సి వస్తుందని, ఆడపిల్లల్ని తెస్తే ఇంతేనని అన్నయ్య వెక్కిరిస్తాడని నోరు మూసుకున్నాను. అన్నయ్యకూ తల నొప్పిగానే ఉందని, వాడు నా ముందు పరువు పోతుందని చెప్పలేదని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

అయిదున్నరకు నాన్న, ఇంకో అరగంటే కదా, కృతజ్ఞత ప్రార్థన చేసుకుని బయటికి పోదామన్నారు. మా ఇళ్ళలో కుటుంబ ప్రార్థన ఎలా ఉండేదో ఇక్కడ చెప్పాలి. తల మీద ముసుగు వేసుకుని మోకాళ్ళూనామంటే ఇంటి పెద్ద ఆమేన్ అనేదాకా కళ్ళు తెరవకూడదు, కదలకూడదు, పలకకూడదు, దోమ కుట్టినా అంతే. నాన్న ప్రార్థన పాస్టరుగారితో మొదలై, రోగులు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, దేశాన్ని ఏలేవాళ్ళు అయ్యాక, మా బంధువులందరి మీదుగా పేరుపేరునా సాగేది. మధ్యలో చెల్లెలు నా మీద వాలి నిద్రపోవడం, నేను దాన్ని గిల్లి లేపడం రోజూ ఉన్నదే. ఆ రోజూ అలాగే కళ్ళు మూసుకున్నాం. దీపం చిన్నబోతోందేమో కనిపెట్టి ఉండాల్సిన నలుగురం, ఆ దీపం ముందే కళ్ళు మూసుకున్నాం.

కాసేపటికి చెల్లెలి తల నా భుజం మీద వాలింది. గిల్లాను. కదల్లేదు. మొండికేస్తోందని గోళ్ళు దిగేలా ఇంకోసారి గిల్లాను. దాని చెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది. కళ్ళు తెరిచి చూడాలనిపించింది, అయినా తెరవలేదు. దేవుడికి కోపం వస్తుందని కాదు, నాన్నకు వస్తుందని. దేవుడి పేరు చెప్పి నాన్నకు భయపడ్డాను, ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

అమ్మ పొద్దుటి నుంచీ ఆ తలుపు దగ్గరి నుంచి పెద్దగా కదలనే లేదట. అక్కడే కూర్చుని కూరలు తరిగింది, బియ్యంలో రాళ్ళు ఏరింది, మా ప్రార్థన వినబడగానే తనూ చేట పక్కన పెట్టి ముసుగు వేసుకుంది. నాన్న మా పెద్దమామయ్య కాలి పుండు మానాలని ప్రార్థించడం విన్నది. మరి కాసేపటికి మళ్ళీ అదే మామయ్య, అదే కాలు, అవే మాటలు, కాకపోతే నాలుక మడతపడుతున్నట్టు వినబడ్డాయి. పదమూడేళ్ళ కాపురంలో నాన్న ఒకే పేరు రెండుసార్లు చెప్పగా అమ్మ వినలేదు. ప్రార్థన మధ్యలో లేచింది, కాగితాలు పర్రున చిరిగేలా తలుపు తోసింది. "చాలించండి, లేవండి," అని మా అమ్మ నాన్న మీద గట్టిగా అరవడం నేను వినడం అదే మొదలు, అదే చివర.

కళ్ళు తెరిచేసరికి ఒక లాంతరు ఆరిపోయి ఉంది, రెండోదానిలో గోరంత నీలిమంట మాత్రం మిగిలింది. నాన్న లేవబోయి గోడకు జారిపడ్డారు. చెల్లెలి పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. అత్తమ్మ పరుగున వచ్చి దాన్ని ఎత్తుకుపోయి వసారాలో పడుకోబెట్టి, "అందరు జెర పక్కకు జరుగున్రి, పిల్లకు గాలి రానియ్యిన్రి," అంటూ అమ్మ వదిలేసిన చేటతోనే విసరసాగింది. ఎంతసేపో చెప్పలేను, నా లెక్కకు ఒక ఏడాది. చివరికది దగ్గి, కక్కి, గుక్కపట్టి ఏడ్చింది, ఆ ఏడుపు విని మేమందరం ఏడ్చాం. "సదువుకున్నోళ్ళు గదా సారూ, దేవుడు ఊరికె ఇచ్చిన గాలి ఉండంగ ఈ పరేషాన్ ఏందీ," అని అత్తమ్మ అడిగితే నాన్న తల వంచుకుని తలుపుకు మిగిలిన కాగితాలు ఊడబెరకసాగారు. ఎగ్జిబిషన్‌లో ఆయన చిక్కుడు గింజలు మొలకెత్తించి చూపించారు. ఆ తరువాత ఆయన ప్రార్థన అయిదు నిమిషాలు దాటిన రోజు నాకు గుర్తులేదు. నేనైతే ఇప్పటికీ ప్రార్థనలో ఒక కన్ను ఓరగా తెరిచే ఉంచుతాను, పక్కవాళ్ళు ఏమనుకున్నా సరే.

గిల్లిన సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెల్లెలి చేతి మీద ఆ కమిలిన మచ్చ చూసి, పడిపోయినప్పుడు తగిలిందేమో అని అమ్మ వెన్న రాస్తుంటే కూడా చెప్పలేదు. ఈ కాగితం వచ్చాక ఇక ఉండబట్టలేక, మంగళవారం చెల్లెలింటికి పోయి, భుజానికి భుజం ఆనించి కూర్చుని కూడా ప్రాణం పోతుంటే నిద్రనుకున్న మనిషిని నేను, నన్నా వినమంటున్నారు, వేరే ఎవరి పేరైనా రాయించు అని చెప్పేశాను. అది తాపీగా కాఫీ కలుపుతూ, "నాకు తెలుసు అక్కా. నువ్వు గిల్లడం రెండుసార్లూ తెలిసింది. చెయ్యి లాక్కుందామనుకున్నాను, అది నా చెయ్యిలా లేదు," అంది. ఇన్నేళ్ళూ దానికి తెలివి తప్పిందనే అనుకున్నాను, అది లోపల మెలకువగానే ఉండి పిలవలేకపోయిందని అప్పుడు తెలిసింది. కాఫీ నా చేతికిచ్చి, "నీ పేరు రాయమన్నది నేనే. ఒకసారి పొరబడ్డదానివి, రెండోసారి పొరబడవు," అంది.

సంతకం పెట్టి పంపాను. ధైర్యం వచ్చి కాదు, వేరే ఎవరైనా వింటే నాకు నిద్ర పట్టదని. నిన్న పిల్ల పరీక్ష కోసమని ఒక రికార్డు పంపింది, సామాను సర్దుకున్నానని, అంతా ఫస్ట్‌క్లాస్‌గా ఉందని, మధ్యమధ్య నవ్వుతూ. నేను మూడుసార్లు విని ఫోను చేసి, భయంగా ఉందా తల్లీ అన్నాను. ఈసారి నవ్వకుండా, "కొంచెం, పెద్దమ్మమ్మా. ఎవరికీ చెప్పకు," అంది. వద్దులే, మానెయ్ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. చెప్పనని మాటిచ్చాను.

మనిషి వేరే గ్రహాల్లో కాపురం పెట్టాలా వద్దా అనేది చదువుకున్నవాళ్ళు తేల్చుకుంటారు, నా అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. మా అమ్మ పేరు ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు, ఎవరూ ఆమెను వినమనలేదు, తలుపు బయట కూర్చుంది, అంతే. ఆమె చెవికీ మా ప్రాణానికీ మధ్య మైదాతో అంటించిన పాత పేపరు ఒక్కటే అడ్డం. ఇప్పుడు ఈ పిల్ల చెబుతోంది, అంగారకుడి నుంచి మాట ఇక్కడికి రావడానికి ఒక్కోసారి ఇరవై నిమిషాలు పడుతుందట. ఏనాడైనా అది నిజంగా అక్కడికి పోయి, దాని నాలుక మడతపడటం నేను ఇక్కడ విన్నాననుకోండి, అప్పటికి ఇరవై నిమిషాలు గడిచిపోయే ఉంటాయి.