తొట్టిలో ముంచిన మూట

రాష్ట్రం ఏర్పడిన మూడో ఏట, మార్కాపురం, దొనకొండల నడుమ పాసింజరు బండిలో ఎవరో వదిలిపోయిన మూట పేలి పదకొండు మంది పోయారు. పెట్టినవాడెవడో పోలీసులకు అంతుపట్టలేదు. అప్పటినుంచి ఆ వైపు మూటను నమ్మినవాడు లేడు. సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు విసిరితే పెట్టెలో సగం మంది అవతలి తలుపులోంచి దూకేవాళ్లు. ఈనాటికీ అక్కడ చుట్టాలు వస్తే ముందు మూట విప్పిస్తారు, తర్వాతే కాళ్లకు నీళ్లిస్తారు.

ఇంతటి విపత్తులో దేశానికి రంగనాయకులు దొరికాడు. స్టేషను పక్క ఊళ్లో ఆసామి. చేతినిండా తీరిక ఉండి, ఏదో ఒక ఘనకార్యం కోసం చాలాకాలంగా కాచుకున్నవాడు. పేలుడు జరిగిన నెలకే ప్రజా రక్షణ సంఘం పెట్టి, తనే అధ్యక్షుడై, తనే చప్పట్లు కొట్టాడు. నీళ్లలో ముంచితే బాంబు చస్తుందని ఎవరో చెప్పగా విని, తన గొడ్ల కుడితి తొట్టిని బండి మీద తెచ్చి స్టేషను ముందర ప్రతిష్ఠించాడు. ముందుగా కుడితి పారబోయాలన్న సంగతి మాత్రం ఆ మహాశయుడికి తట్టలేదు. బండెక్కే ప్రతి మూటా అందులో మునిగి, తవుడు పూసుకుని, నిర్దోషిగా పైకి తేలేది. అధ్యక్షులవారి మూటకు మినహాయింపు.

ఆ పదకొండు మందిలో ఏబేలు ఒకడు. పలకల గనిలో రాయి కొట్టేవాడు. చనిపోయినవాళ్ల ఇంటికొకరికి రైల్వేలో పని ఇస్తామన్నారు. అతని భార్య దయామణికి స్టేషనులో నీళ్లు పోసే పని. ఇద్దరు బిడ్డల కూడు దానిమీదే. కావలసిందల్లా మరణ ధ్రువపత్రం. దాన్ని చీరలో చుట్టి, మూట కట్టుకుని, రైల్వే ఆఫీసుకు పోను స్టేషనుకు వచ్చింది.

"అయ్యా, లోపల కాగితముండాది. ముంచొద్దు."

"బాంబు పెట్టేటోడు గూడా ఇట్లనే అంటాడమ్మే!" అంటూ అధ్యక్షులవారు స్వహస్తాలతో ముంచారు.

రైల్వే ఆఫీసులో అధికారి విప్పి చూస్తే సిరా అంతా నీలి మడుగు. "పేరు, చనిపోయిన తేదీ కనబడే రుజువు ఏదైనా సరే, సోమవారానికి తీసుకురా. లేకుంటే పని ఇంకొకరికి పోతుంది" అన్నాడు. నకలు కావాలంటే నెల పడుతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక దయామణి సమాధుల దొడ్డికి పోయింది. ఏబేలు తలదిక్కున గనిలో తోటివాళ్లు పాతిన పలకరాయి ఉంది. పేరూ తేదీ ఉలితో చెక్కినది. "రెండు దినాలే మామా, ఓర్చుకో" అని పెకలించి గోనెలో చుట్టింది.

మర్నాడు గోనె బరువు చూసి రంగనాయకులు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందమ్మే ఇది?"

"ముంచండయ్యా, ఈసారి మీ ఇష్టం."

ముంచి గోనె విప్పితే, తడిసిన రాయి నల్లగా మెరిసింది. అక్షరాలు తెల్లగా తేలాయి.

"ఎవురమ్మే ఈ ఏబేలు?"

"మీ సంఘం సభ సభకూ దండలేసి ఏడుస్తారే, ఆ పదకొండు మందిలో ఒకడు."

"అట్లనా! అన్ని పేర్లు ఎవురికి గుర్తుంటాయిలే" అని, తడి ఆరేదాకా ఓపిగ్గా ఆగి, ఏబేలు పేరు మీదుగా సుద్దముక్కతో రాశాడు: "తనిఖీ అయినది. రంగనాయకులు, అధ్యక్షుడు."

అధికారి సుద్దరాత కింద ఉన్న చెక్కడాన్ని వేలితో తడుముతూ చదివాడు. తర్వాత ఉత్తరువు రాసిచ్చాడు.

సాయంత్రం రాయిని మళ్లీ పాతేముందు దయామణి కొంగుతో అధ్యక్షుణ్ణి తుడిచింది. ఒక్క తుడుపుకే పోయాడు.