తెల్ల సిరా దిద్దిన పాటలు

ఆ రేడియో స్టేషన్లో పాటల గది రెండో అంతస్తులో ఉండేది. నా ప్రయాణాల గురించి ప్రసంగాలు చదవడానికి వెళ్ళినప్పుడల్లా, స్టూడియో ఖాళీ అయ్యేదాకా నన్ను అక్కడే కూర్చోబెట్టేవారు. మూడు గోడలకీ ఇనుప అరలు, వాటినిండా నిలువుగా నిలబెట్టిన రికార్డులు, కిటికీ పక్కన సన్నసన్న సొరుగుల బీరువా. సొరుగుల్లో పాటకొక కార్డు. ఆ కార్డులన్నీ రాసినావిడని స్టేషనంతా కార్డులక్క అనేది. ఆవిడకంటే ముందు ఉద్యోగంలో చేరిన అనౌన్సరుకి కూడా ఆవిడ అక్కే.

ఆవిడ తండ్రి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. మందు సీసా మీది కాగితంలో తప్పుంటే, అది దిద్దితేగాని పిల్లలకి మందు పోసేవాడు కాదట. ఆ దురద కూతురికీ అంటింది. అలాంటి మనిషి చేతికి వచ్చిపడ్డాయి పాత రాక్ పాటలు.

ఆ పాటలు కట్టినవాళ్ళకి స్పెల్లింగంటే లెక్కలేదు. మాట చివరి అక్షరం మింగేసి దాని బదులు నెత్తిన ఓ కామా తగిలిస్తారు. మాట రాయాల్సిన చోట అంకె వేస్తారు. సొగసు కోసం అక్షరాల మీద రెండేసి చుక్కలు పెడతారు. పోనీ ఒక్కదాని మీద నిలబడతారా? పాట పేరు అట్ట ముందు ఒకలా, అట్ట వెనక మరోలా, రికార్డు మధ్య అంటించిన లేబుల్ మీద ఇంకోలా. నాకైతే ఇదేమీ వింతగా తోచలేదు. నేను తిరిగిన రేవుల్లో ఒకే ఊరి పేరు పటంలో ఒక రకంగా, గట్టు మీది బోర్డులో ఇంకో రకంగా, టికెట్టు మీద మూడో రకంగా ఉండేది. పడవ మాత్రం ఆ ఊరికే చేర్చేది. ఒకసారి అలా చేర్చలేదు కూడాననుకోండి, అది వేరే కథ.

కార్డులక్కకి ఒక పద్ధతి ఉండేది. రికార్డుని మొదటినించి చివరిదాకా వినకుండా కార్డు రాసేది కాదు. ముందువైపు లేబుల్ మీద ఎలా ఉంటే అలాగే పేరు, వెనకవైపు తాను విన్నది: "గిటారుతో మొదలు. మధ్యలో పాటగాడు నవ్వాడు. చివర జనం చప్పట్లు." ఆ పద్ధతి ఎక్కణ్ణించి వచ్చిందని నేనడిగితే, "అలా అలవాటైంది లెండి" అని మాట తప్పించేసింది.

అసలు సంగతి ఆవిడ రిటైరవడానికి రెండు నెలల ముందు బయటపడింది. పాటల జాబితా కంప్యూటర్లోకి ఎక్కించాలని, ఒక పాటకి ఒక రికార్డే ఉంచి మిగతావి తీసేయాలని డైరెక్టరు నిర్ణయించాడు. ఆ పని చేయడానికి వచ్చినవాడు ఆవిడ సొంత అక్క కొడుకే. ముప్పై అయిదేళ్ళకే నడినెత్తి మెరుస్తున్న మనిషి.

"పిన్నీ, నీ లేబుళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయే! మా అమ్మ ఊరికే అంటుందా, పిన్నిని చూసి నేర్చుకోరా అని నన్ను చంపుకు తినేది," అంటూ పని మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి రెండు వందల పన్నెండు రికార్డులు ఒకే పాటకి రెండో ప్రతులని తేల్చి, ఎనిమిది అట్టపెట్టెల్లో సర్దాడు. శుక్రవారం పాత సామాన్ల లారీ వస్తుంది.

నేను వెళ్ళింది మంగళవారం. ఆవిడ పెట్టెల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. అల్లుడి కాళ్ళు కడగబోతున్నట్టు ఒళ్ళో తువ్వాలు. అనౌన్సరు కాఫీ తాగుతూ ఏదో హాస్యమాడుతున్నాడు. ఆవిడ నవ్వలేదు.

"ఒరేయ్, ఆ పెట్టెలు పంపకు," అంది అక్క కొడుకుతో.

"ఎందుకు పిన్నీ? పేర్లు అక్షరం పొల్లు పోకుండా కలిశాయి."

"కలిశాయి కాదు, నేను కలిపాను. ఉద్యోగంలో చేరిన ఏడు, తప్పులు చూసి చెయ్యి ఊరుకోలేదు. లేబుళ్ళ మీద అక్షరాలు బ్లేడుతో గీకి, తెల్ల సిరాతో దిద్దాను. నలభై ఒకటి. ఆ లెక్క నాకెందుకు గుర్తంటే, అప్పటి ఆఫీసరు దగ్గరికెళ్ళి గొప్పగా చెప్పుకున్నాను."

"దిద్దితే ఏమైంది?"

"ఆ కంపెనీవాళ్ళు స్టూడియోలో పాడిన పాటకి పేరు నిండుగా వేసి, అదే పాట జనం ముందు పాడితే మింగేసిన అక్షరంతో వేశారు. తేడా తెలిసేది దాంతోనే. నేను రెంటినీ ఒక్కటి చేసేశాను. నాకు తెలిసింది ఎప్పుడో తెలుసా? ఈ అనౌన్సరుగారు స్టూడియో పాట అని చెప్పి వేస్తే, జనం కేకలు వినబడ్డాయి చూడు, ఆ రోజు. అప్పటిదాకా నేను రాసిన కార్డుల వెనక ఖాళీయే."

అనౌన్సరు కప్పు కింద పెట్టాడు. "దానికి నాకు మెమో ఇచ్చారు."

"తెలుసు."

"ఇరవయ్యారేళ్ళు! రికార్డు తీసే ముందు నా కళ్ళని నేనే నమ్మక రెండేసిసార్లు చూసుకుంటున్నా. నువ్వా తల్లీ అది?"

"నేనే. చెబుదామనే అనుకున్నా. ఇవాళ, రేపు అంటూ ఇంతదూరం వచ్చింది."

ఆవిడ నోరు మెదపకుండా ఉంటే పెట్టెలు పోయేవి, మంచిపేరు ఉండేది. ఇప్పుడు అక్క కొడుకు ముందు అది కాస్తా పోయింది. అనౌన్సరు ఒక్కసారిగా నవ్వాడు.

"నా బుర్రలో లోపం లేదన్నమాట. అక్కా, ఈ సంగతి మా ఆవిడతో నువ్వే చెప్పాలి. మతిమరుపు మనిషినని ఇప్పటికీ నా చేత కూరలు కూడా తెప్పించదు!"

గుమ్మంలో నిలబడి అంతా విన్న డైరెక్టరు నవ్వలేదు. "శుక్రవారం మధ్యాహ్నం దాకా టైమమ్మా. వేరే పాటని తేల్చినవి ఉంచుతాం, తేలనివి పోతాయి," అన్నాడు.

ఆ మూడు రోజులూ నేనూ వెళ్ళాను. పని లేనివాణ్ణి కదా. లేబుల్ని వెలుతురులో వాలుగా పట్టుకుంటే బ్లేడు గీకిన చోటు కనబడుతుంది. అలా ఏరడం నా వంతు. ఒక్కొక్కటీ గ్రామఫోను మీద పెట్టడం అక్క కొడుకు వంతు. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది.

"ఇది స్టూడియోదే. పోనీ. ఈ రెండోది మాత్రం ఉంచు."

"పిన్నీ, రెండూ ఒకేలా ఉన్నాయిగా?"

"డ్రమ్ము కొట్టేవాడు ఆగి ఊపిరి పీల్చాడు. వినబడలా? మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాడు. మూడోసారికి వాడికీ వినబడింది. "అమ్మో, నిజమే!" అని అరిచిన అరుపుకి పక్క గదిలోంచి డైరెక్టరు వచ్చాడు. కోప్పడ్డానికే వచ్చాడు గాని, నిలబడి విన్నాడు, తర్వాత కుర్చీ లాక్కున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు.

శుక్రవారం పదకొండింటికి లెక్క తేలింది. గీకినవి నలభై ఒకటీ దొరికాయి. అందులో పద్దెనిమిది నిజంగానే రెండో ప్రతులు. ఇరవై మూడు మాత్రం జనం ముందు పాడినవి, అవి పోతే స్టేషన్లో వేరే ప్రతి లేదు. లారీ వచ్చి మిగతావి తీసుకుపోయింది. ఆ ఇరవై మూడూ డైరెక్టరే స్వయంగా అరల్లో పెట్టాడు, రెండు తలకిందులుగా. అనౌన్సరు మర్నాటి కార్యక్రమానికి వాటిలోంచి అయిదు అడిగాడు.

అక్క కొడుకు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "పిన్నీ, వీటి ఎదురుగా ఏదో ఒకటి రాయాలి. పొరపాటు జరిగింది అని రాస్తే చాలదా? ఎవరు చేశారో ఎందుకు?"

"చాలదు. నేను చెప్పేది రాయి." ఆవిడ ఒళ్ళోని తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టి, నెమ్మదిగా చెప్పింది. "లేబుల్ మీద తెల్ల సిరా ఈ గదిలో కార్డులు రాసిన మనిషిది. కంపెనీ వేసిన పేరు అది కాదు. ఇక్కడ ఏ రికార్డునైనా చివరిదాకా వినకుండా తీసేయకండి."

వాడు టైపు చేసి, ఒకసారి పైకి చదివి, "ఇది ఇరవై మూడింటికేనా, అన్నిటికీనా?" అన్నాడు.

"అన్నిటికీ," అంది.