మా అత్త ఎక్కి చూసిన స్టవ్వు

ఆ రోజుల్లో వస్తువు కొనడమంటే ఇంట్లోకి ఒక మనిషిని తెచ్చుకున్నట్టే. కోడలిని ఎంత చూసి తెచ్చుకునేవారో బిందెనూ అంత చూసి తెచ్చుకునేవారు. ఇద్దరూ చివరిదాకా ఉండాల్సినవాళ్లే కదా. మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు (నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాకే), కాబట్టి డబ్బా మీద ఏం రాసి ఉన్నా మాకు ఒకటే. మా అత్త పద్ధతి వేరు. పీట కానీ, బకెట్ కానీ, ట్రంకుపెట్టె కానీ, కొనేముందు దాని మీద ఎక్కి నిలబడేది. తనను మోస్తే ఇంటికి వచ్చేది, లేకపోతే లేదు. (పెళ్లిచూపుల్లో నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఆ పని చేయలేదు, అదొక్కటే నయం.) మనిషి భారీగా ఉండేది. ఆమె మేడ్చల్ బజారులో కనబడితే ప్లాస్టిక్ సామాను లోపల పెట్టుకునే దుకాణాలు కూడా ఉండేవి.

అవి తొంభైలు. శామీర్‌పేట వైపు ఇంకా ద్రాక్షతోటలు ఉండేవి. ఒక తోటలో నేను కూలికి వెళ్లేదాన్ని. తెల్లవారకముందే వంట చేసుకుని బయలుదేరాలి. వానాకాలం, తడి కట్టెలు. ఊదీ ఊదీ కళ్లు మండేవి కానీ పొయ్యి మండేది కాదు. రోజూ ఆలస్యమే. ఒకరోజు మేస్త్రి చెప్పేశాడు: "ఇంకోపాలి గిట్ల ఆలస్యమైతే ఇగ రాకు. నీ జాగల ఇంకొకలను పెట్టుకుంట." ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, కిరోసిన్ స్టవ్వు కావాలన్నాను. మా ఇంటాయన "అమ్మనడుగు" అని అటు తిరిగి పడుకున్నాడు. అత్త మాత్రం వెంటనే ఒప్పుకుంది. "కొందాం తియ్. గట్టిది జూసి కొందాం." ఆ 'గట్టిది' అన్న మాటకే నా గుండె జారింది.

దుకాణంలో సేటు నీలం రంగు వత్తుల స్టవ్వు ఒకటి ముందు పెట్టాడు. అత్త చెప్పులు విప్పింది. (కొత్త వస్తువు మీద చెప్పులతో ఎక్కేది కాదు, అంత మర్యాద ఉండేది.)

"అమ్మా, అమ్మా! అది వండుకునేది, ఎక్కేది గాదు!" అన్నాడు సేటు.

"అన్నం గుండిగ పెడితే మోస్తదా, లేదా?"

"మోస్తది."

"నేను గుండిగ కన్నా ఎక్కువనా?"

సేటు ఆమెను ఒకసారి పైనుంచి కిందికి చూసి, తెలివైనవాడు కనుక పక్కకు జరిగాడు. అత్త ఎక్కింది. స్టవ్వు కాళ్లు అప్పుడే పుట్టిన లేగదూడ కాళ్లలా నాలుగు దిక్కులకూ జారాయి. నా భుజం పట్టుకుని దిగి, వంగిన కాళ్లను అక్కడే కాలితో తొక్కి సరిచేసి, "జూసినవా?" అంది. సేటుకు పంతం వచ్చింది. లోపలి నుంచి ఇత్తడి బొజ్జ, ఇనుప కాళ్లు ఉన్న పంపు స్టవ్వు తెచ్చి పెట్టాడు. "దీన్ని ఎక్కుండ్రి. మీ కోడల్ని గూడ ఎక్కించుకోండ్రి!" అత్త ఎక్కింది. అది కదలలేదు. నన్నూ రమ్మని చెయ్యి చాపింది. నేను బయట పోతున్న బస్సును చాలా శ్రద్ధగా చూశాను.

మర్నాడు చీకటితోనే స్టవ్వు ముట్టించి గాలి కొట్టాను. ఒక్కసారిగా బుస్సుమని మొదలైంది. వాకిలి ఊడుస్తున్న అత్త చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఆర్పు, ఆర్పు! ఏందే గది, ఇంట్లకు లారీ వచ్చినట్టు మొత్తుకుంటాంది!"

"అది గంతే అత్తమ్మా, సప్పుడే. ఏం గాదు."

"పేలుతది! గింత గట్టిది పేలితే ఎంత గట్టిగ పేలుతదో ఎరికేనా?"

ఆర్పేశాను. "ఇగ నా పని పాయె అత్తమ్మా" అన్నాను. అత్త స్టవ్వును చూసింది, నన్ను చూసింది. రాత్రి అన్నం డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. "నువ్వు పో, బస్సు పోతది. రేపటి సంది నేనే లేసి వండుత. దాన్ని మాత్రం ముట్టియ్యకు."

ఆ మర్నాటి నుంచి నేను లేచేసరికే కట్టెల పొయ్యి మండుతుండేది. తోటకు అందరికన్నా ముందు చేరేదాన్ని. మేస్త్రి ఆశ్చర్యపోయి, "ఏందమ్మా, స్టవ్వు గొన్నరట, మంచిగ పనిచేస్తాందా?" అని అడిగాడు. "మస్తు చేస్తాంది" అన్నాను.

స్టవ్వు అరుగు మీదికి చేరింది. పండగపండగకూ అత్త దాన్ని చింతపండుతో తోమేది. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు దాన్నే చూపించేది: "ఎన్నేండ్లాయె గీ స్టవ్వు గొని! ఒక్క సొట్ట వడ్డదా జూడుండ్రి. గట్టిది కొంటే గిట్లుంటది." వాళ్లు నా వైపు చూసేవారు. నవ్వు ఆపుకుంటూ అవునని తలూపేదాన్ని. పక్కనే నిలబడిన అత్త చీర నుంచి పొద్దుటి కట్టెల పొయ్యి పొగ వాసన వస్తుండేది. ఆ వయసులో నాకు నవ్వొక్కటే వచ్చేది.