పెరటి కట్టకు గండి

ఈ బరువు ఇన్నేళ్లుగా ఒక్కదాన్నే మోస్తున్నాను. మొగుడికి చెప్పలేదు. కన్నబిడ్డలకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. మా మామ చావు గురించి ఊరంతా నమ్మింది అబద్ధం.

ముందే ఒకటి చెప్పాలి. నా తోడికోడలంటే నాకు గిట్టదు. ఇప్పటికీ గిట్టదు. అన్యాయం చేశాను కదా అని ఆమె మీద ప్రేమేమీ పుట్టుకురాలేదు. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు పాడిగేదె ఆమె మొగుడికి వెళ్లింది, మంచాన పడ్డ మామ కూడా వాళ్ల వంతుకే వెళ్లాడు. ఆయనకు గంజి తాగించినంతసేపూ ఆ సంగతి వీధిలో అందరికీ వినపడేలా మాట్లాడేది. నాకు ఒళ్లు మండేది.

తెల్లదొరల రోజులవి. మార్కాపురం పక్కన, గుండ్లకమ్మ ఒడ్డున మా ఊరు. తుఫాన్ల కాలం రాకముందే మిద్దెల మీద చవుడు మన్ను పరిచి తొక్కేవాళ్లం, పాతరలోని జొన్నలు తీసి అటకెక్కించేవాళ్లం. ఏటి నీళ్లు ఇళ్ల మీదికి రాకుండా మా రెండు పెరళ్ల వెనకా ఒకటే మట్టికట్ట. ఆ ఏడు వాన పట్టుకుని వదల్లేదు. మూటలు కట్టుకోండి, మళ్లీ తప్పెట వినపడగానే గుట్టెక్కాలి అని తలారి చాటిపోయాడు.

మగవాళ్లు గొడ్లను తోలుకుని ముందే గుట్టకు పోయారు. కట్ట వెనక నీళ్లు పెరిగి, అది మా పెరటి వైపు తెగేలా ఉంది. పార తీసుకున్నాను. ఆమె పెరటి వైపు గండి కొట్టాను. నీళ్లు అటు దూకాయి.

నా ఇల్లు కాపాడుకోవడానికే కొట్టానా? కాదు. ఆమె ఇంకా అటకెక్కించని జొన్నలు తడిసి ముద్దవ్వాలని కూడా కొట్టాను. లోపల మామ ఉన్నాడని తెలియదా? తెలుసు. గోడ పడేదాకా రాదని అప్పుడు నిజంగానే అనుకున్నానో, తర్వాత నాకు నేను చెప్పుకున్నానో, ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

ఆమె మోకాళ్లదాకా బురదతో వచ్చింది.

"అక్కా, ఇంట్లోకి నీళ్లు వస్తాండాయి. ఒక చెయ్యి వెయ్యి, మామను మంచంతోనే బయటికి తెద్దాం."

"మీ వంతు మామ. మీరే మోసుకోండి."

"ఇప్పుడు గూడా ఇట్లనే మాట్లాడతావా?"

"తప్పెట ఇంకా కొట్టలేదు గదా. ఏంది నీ తొందర?"

ఆమె సాయానికి ఎవరైనా దొరుకుతారేమోనని వీధిలోకి పరుగెత్తింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె తిరిగి వచ్చేలోపు గోడ కూలింది. మామ దాని కింద పోయాడు.

గుట్ట మీద అందరూ ఆమెనే అన్నారు, ముసలాయన్ను వదిలేసి ఉరికిందని. నా మొగుడు నన్ను అడిగాడు. "అవును, తన ప్రాణమే చూసుకునింది" అన్నాను. గండి సంగతి ఎవరూ అడగలేదు. కట్ట వానకు తెగిందనుకున్నారు. మరిది ఆమెను గిద్దలూరు దగ్గరి పుట్టింటికి పంపేశాడు. మళ్లీ తీసుకురాలేదు. ఆమె అక్కడే పోయింది. ఆ కబురు విన్నప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు.

నన్ను మీరు క్షమించనక్కరలేదు. ఆమె బతికుంటే నన్ను తిట్టేది, నేనూ ఊరుకునేదాన్ని కాను. కానీ కట్ట తెంచింది నేను. సాయం కోసం పరుగెత్తింది ఆమె. ఈ రెండు ముక్కలూ ఇవాళ బయటికి అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.