నాందేడ్ తొట్టిలో మసక

1974 నవంబరులో నన్ను నాందేడ్ పంపారు. హైదరాబాదులో లోహపు పూతల రసాయనాలు అమ్మే ఒక కంపెనీలో సర్వీసు కెమిస్టును. హోదా పేరు ఘనమే; పని మాత్రం ఎవరి పూత తొట్టి పాడైతే వాళ్ళ ఊరికి బస్సెక్కడం.

గంగాధర్ సేఠ్ గిల్టు నగల కార్ఖానాలో దసరా దాటినప్పటి నుంచి గాజుల మీద బంగారు పూత మసకగా, మచ్చలుగా వస్తోంది. పెళ్ళిళ్ళ ముందు సరుకంతా వెనక్కొచ్చింది. తొట్టి చూసే పనివాడు లక్ష్మణ్, ద్రావణంలో కలపాల్సిన బంగారు ఉప్పు కాజేస్తున్నాడని సేఠ్ తీర్మానించేశాడు. నన్ను పిలిచింది అందుకు సాక్ష్యం చెప్పడానికే.

“ఖాత్రిగ ఆడే సారూ! రోజు జేబులు సూస్తున్న, టిఫిన్ డబ్బా సూస్తున్న, దొర్కుతలేడు. మస్తు హుషారు,” అన్నాడు. ఏమీ దొరక్కపోవడం కూడా నేరానికి రుజువే!

లక్ష్మణ్ నాతో అన్నది ఒక్కటే. “నౌకరి పోతే పోనీ సారూ. దొంగ అని పేరువడితే ఈ ఊర్ల ఏ సేఠ్ నన్ను తొట్టి ముట్టనిస్తడు?”

నేను ఇద్దరినీ నమ్మలేదు. ఉప్పు తక్కువ వేయించి నెపం పనివాడి మీదికి తోసే యజమానులను చాలామందిని చూశాను. ద్రావణం నమూనా మా ల్యాబుకు పంపాను. బంగారం ఉండాల్సినంతా ఉందని కబురొచ్చింది. అంటే దొంగతనం లేదు. కరెంటును పూతకు పనికొచ్చేలా మార్చే రెక్టిఫయరూ బాగానే ఉంది. ద్రావణం మీద మాత్రం గోధుమరంగు నురగ తేలుతోంది. ఆకో అలమో, నూనో జిడ్డో కలిస్తేనే అలా తేలుతుంది.

వడగట్టడానికి తొట్టి ఖాళీ చేయించాను. వేడిచేసే గొట్టం కింద నల్లగా ఉడికిపోయిన ఆకులు! సైనైడు ద్రావణం కాబట్టి పట్టకారుతో తీసి చూశాను. జంట రెక్కల ఆప్టా ఆకులు. దసరానాడు అక్కడివాళ్ళు బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకునేవి. లక్ష్మణ్‌కు ఆ రోజు సెలవు.

సేఠ్ నసిగాడు. “పూజ చేసి నేనే ఏసిన సారూ. బర్కత్ అయితదని, బంగారం పెరుగుతదని.”

జిడ్డు పీల్చే బొగ్గుపొడి కలిపి వడగడితే మర్నాడు గాజులు తళతళలాడుతూ వచ్చాయి. సాయంత్రం లక్ష్మణ్ ఇంటికి బయల్దేరితే, సేఠ్ అలవాటుగా డబ్బా కోసం చెయ్యి చాచాడు. ఎంత ఒళ్ళు మండిందో నాకు! లక్ష్మణ్ డబ్బాను బల్లమీద బోర్లించాడు. “మంచిగ సూస్కో సేఠ్,” అని దాన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ కార్ఖానాకు రాలేదు.

ఆ తర్వాత ఏ ఊళ్ళో తొట్టి పాడైనా, పరీక్షలకు ముందే, ఇందులో ఎవరెవరు చెయ్యి పెట్టారని అడిగేవాణ్ణి. మొట్టమొదట యజమానిని.