సర్వరుకు ఆయుధపూజ

మొగుడు పోయిన కొత్తలో మనిషికి ఏది చూసినా భయమే. ఆ రోజుల్లో నాకు కంప్యూటరు అలసిపోతుందని భయం. నవ్వండి, పరవాలేదు. మా ఆయన ముగ్గురాయి గనిలో డ్రిల్లు మిషను నడిపేవాడు. ఏటా ఆయుధపూజకు దాన్ని ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఒక పూట పడుకోనిచ్చేవాళ్లు. ఆ ఏడు లోడు తొందరని ఆపనియ్యలేదు. పండగైన నాలుగో నాడు రాయి జారి ఆయన మీద పడింది. (మిషనుకు మాత్రం ఏమీ కాలేదు.) ఆయనకు బదులుగా నన్ను కడప ఆఫీసులో ఊడ్చే పనికి పెట్టుకున్నారు. ఏడాది దాకా ఒక్క తప్పు చేసినా ఇంటికే అన్నారు.

ఆ ఆఫీసు ఏసీ గదిలో సర్వరు ఉండేది. లారీలు గని గేటు దాటే చీట్లన్నీ దాంట్లోంచే రావాలి. దాన్ని చూసుకునే కర్నూలాయనను, దాంట్లో నడిచే ప్రోగ్రాం పేరు మీద అందరూ జావా సారు అనేవాళ్లు. "రాత్రీ పగలూ ఇది ఆగకూడదక్కా" అంటూ, ఎర్రబడిన కళ్లతో దాని పక్కనే కూర్చునేవాడు. మరుసటి ఆయుధపూజ నాడు కూడా అది గుయ్యిమంటూనే ఉంది. ఈయనకూ ఏదో అవుతుందని నాకు అనిపించింది. ఆయన టిఫినుకు పోగానే ప్లగ్గు పీకేసి, పెట్టె తుడిచి, పసుపు రాసి, బంతిపూలు పెట్టాను. (కుంకుమ నేను ముట్టకూడదని మానుకున్నాను. అంత తెలివి ఉంది.)

కాసేపటికే గేటు దగ్గర లారీలు నిలిచిపోయాయి. మేనేజరు, ఆయన వెనకే జావా సారు పరుగున వచ్చారు.

"ఎవురు ఆపింది దీన్ని?" అన్నాడు మేనేజరు.

జావా సారు పూలు చూశాడు, నన్ను చూశాడు. "నేనే ఆపినా సార్. జావా సర్వరు శానా దినాలు ఆపకుండా నడిపితే మెమరీ నిండి మొరాయిస్తాది. అప్పుడప్పుడు ఆపి లేపాల."

"పసుపు కూడా నువ్వే రాసినావా?"

"పండగ కదా సార్."

మేనేజరు ఆయన్ని నానా మాటలూ అని పోయాడు. నేను చీపురు పట్టుకుని గోడలా నిలబడ్డాను. తప్పు నాదని ఒక్క మాట అనలేదు. సారు ముందు లెక్కలన్నీ దాచే డేటాబేసు లేపి, అది కుదురుకున్నాక జావా సర్వరు లేపాడు. వారంగా ఈడ్చుకుంటూ నడిచింది కాస్తా ఆ రోజు చీట్లు టపటపా ఇచ్చింది.

"అక్కా, ఈసారి నాకు చెప్పు. మెల్లగా నిద్రపుచ్చి ఆపుదాం. ప్లగ్గు పీకితే గొంతు పిసికినట్టే" అన్నాడు.

"సరే సారూ. మరి నువ్వెప్పుడు పండుకుంటావప్పా?" అన్నాను.

ఆయన మళ్లీ దాని పక్కనే కూర్చున్నాడు. నా పని నిలిచింది. దాన్ని నిలబెట్టిన మనిషికి దండమైనా పెట్టకుండా, నిద్ర గురించి నిలదీసిన ఆ చీపురు మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నాకే చిన్నగా నవ్వొస్తుంది.